శిక్షణలో చెప్పుకున్న మాటలు ఊళ్లోకి పోతున్నాయి, ఏం చేయాలి?

స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పులు, ఇంటి ఖర్చుల నిర్వహణపై శిక్షణ ఇస్తుంటాను. రెండు మూడు సంఘాల వాళ్లు కలిసి పాతికమంది వరకు వస్తారు, మధ్యాహ్నం రెండు గంటల సేపు. ‘ఇక్కడి మాట గడప దాటకూడదు’ అన్న నియమం మొదటి రోజే పెట్టుకున్నాం. వాళ్లే అనుకుని చార్టు మీద రాయించారు. పొదుపు, సమావేశాలు, అంతర్గత అప్పులు, వాయిదాలు, పుస్తకాల నిర్వహణ అంటూ పంచసూత్రాలు గడగడా అప్పజెప్పే వాళ్లకు నియమాలు కొత్తేమీ కాదు.

అయినా, ఒకామె మైక్రోఫైనాన్స్ వారం వాయిదా కట్టడానికి పుస్తెలతాడు తాకట్టు పెట్టానని చెబితే, సాయంత్రానికల్లా అది అత్తగారి చెవిన పడింది. మర్నాటి నుంచి అందరిదీ ఒకటే మాట: ‘మాకేం ఇబ్బందులు లేవమ్మా.’

పేర్లు లేకుండా చీటీలు రాయమన్నాను. చాలామందికి పక్కవారు రాసిపెట్టాలి, ఇక రహస్యమెక్కడ? ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టాను. సంఘం లీడరు ఉన్న జట్టులో మిగతా ఇద్దరూ ఆమె ముఖం చూసి మాట్లాడుతున్నారు. అప్పు ఎవరికి ముందు ఇవ్వాలన్న దగ్గర ఆమె మాట చెల్లుతుంది మరి. లీడర్లను విడిగా కూర్చోబెడితే చిన్నబుచ్చుకున్నారు. ఎవరు బయటపెట్టారో ఆరా తీయడం నాకిష్టం లేదు. తీస్తే ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది.

ఒకే ఊరివాళ్లు, బంధువులు కలిసి కూర్చునే బృందాలతో పనిచేసినవారు చెప్పండి: గోప్యత నియమం ఒకసారి తప్పాక, ఎవరినీ వేలెత్తి చూపకుండా దాన్ని మళ్లీ ఎలా నిలబెట్టారు?