‘మనవ్యాలకించరాదటే’లో ఆ చివరి ‘టే’ ఎవరు కోసేశారు?

మొన్న గ్రూపులో ఒకరు అడిగారు కదా, ‘మనవ్యాలకించరా’ అంటే ఏంటి, మానవుడికి సంబంధించిందా అని. కామెంట్లో రాద్దామని మొదలుపెడితే పొడుగైపోయింది, అందుకే విడిగా పెడుతున్నా.

త్యాగరాజ కీర్తన, నళినకాంతి రాగం. అయితే నాలాంటి చాలామందికి ఇది కచేరీల్లో పరిచయమైన పాట కాదు. అగం అనే బెంగళూరు బ్యాండు గిటార్లూ డ్రమ్సూ వయొలినూ వేసి పాడితే అలా చెవిన పడింది. అగం అంటే తమిళంలో లోపల అని. తమిళ పేరు పెట్టుకున్న బ్యాండు, కన్నడ ఊరు, తిరువయ్యారు త్యాగరాజు గారి తెలుగు! నాకిష్టమైన బ్యాండు ఇదొక్కటే అనను కానీ, ఈ పాట మాత్రం పదేపదే వింటా, అందులోనూ అవుటర్ రింగ్ రోడ్డు మీద బస్సు కదలనప్పుడు.

పల్లవి ఇదీ: “మనవ్యాలకించరాదటే మర్మమెల్ల దెల్పెదనే మనసా”. మనవి + ఆలకించరాదు + అటే. నా మనవి వినకూడదా ఏమే, మర్మమంతా చెప్తానే, ఓ మనసా అని. మానవుడికీ దీనికీ సంబంధం లేదు (చరణంలో వేరే చోట మానవావతారం వస్తుంది, అది వేరే సంగతి).

పాటల జాబితాల్లో, ఆల్బమ్ పేర్లలో దీన్ని ‘మనవ్యాలకించరా’ దగ్గర ఆపేస్తారు. పేరు చిన్నదవ్వాలి కాబట్టి ఆపారు, సరే. కానీ అక్కడ ఆపితే తెలుగు చెవికి అది ‘నా మనవి ఆలకించరా’ అయిపోతుంది, అంటే మగవాణ్ణి పట్టుకుని ‘వినరా’ అని ఆజ్ఞాపించినట్టు. అసలు పాటలో ఆజ్ఞ లేదు. ‘వింటే నీ సొమ్మేం పోయిందే’ అని నిష్ఠూరం ఉంది, అదీ చనువున్న ఆడమనిషితో మాట్లాడే పద్ధతిలో. తెలుగులో మనసు నపుంసకమేగా అంటారేమో, వ్యాకరణంలో అవును, త్యాగరాజుకి మాత్రం మనసుతో ఇదే వరస. ‘మనసా ఎటులోర్తునే, నా మనవిని చేకొనవే’ అన్నాడు, ‘నామము సేయవే ఓ మనసా’ అన్నాడు. ఎప్పుడూ ఏమే, ఒసేయ్ అనే చనువే. నాకైతే ఆయన మనసు ఎదురింటి మొండి చెల్లెల్లా కనిపిస్తుంది.

ఇక ‘రాదు’. మా టీములో ఒక తెలుగు పిల్లాడు, హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం, దీన్ని ‘వినకూడదు’ అనుకున్నాడు. తప్పు వాడిది కాదు, వాడు చూసిన ‘రాదు’లన్నీ గోడల మీదివే: ఇచ్చట నోటీసులు అంటించరాదు, వాహనములు నిలుపరాదు. కానీ మాటల్లో ఇంకో ‘రాదు’ ఇప్పటికీ ఉంది. ‘కాసేపు కూర్చోరాదూ’, ‘ఓ ముద్ద తినరాదూ’. మా అమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసి “శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చి పోరాదటే” అంటుంది. టికెట్ రేటు ఎంతో చెప్పినా ఆవిడకి అనవసరం, మళ్లీ అదే మాట. ఈ పాట మొదటి లైను నాకు ఆ గొంతుతోనే వినపడుతుంది, గాయకుడు ఎవరైనా సరే, వెనక ఎన్ని డ్రమ్స్ మోగినా సరే. పేరులో ‘టే’ తీసేస్తే నాకు ఒళ్లు మండేది అందుకే, భాషాభిమానం వల్ల కాదు.

బెంగళూరులో ఉండటం వల్ల తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. ఆఫీసు క్యాబులో ఈ పాట పెడితే పక్కనున్న కన్నడ కొలీగ్ అర్థం అడిగాడు. నేను ఫోన్లో సాహిత్యం తీసి చదువుతుంటే నాకంటే ముందే అందుకుంటున్నాడు. మనవి వాళ్లకి రోజువారీ మాట, ఆఫీసులకి ఇచ్చే అర్జీని మనవి పత్ర అంటారు. ఆలకించు అనగానే ‘ఆలిసు’ అన్నాడు. చరణంలో “కర్మకాండ మతాకృష్టులై భవ గహన చారులై గాసి జెందగ” అని ఉంది (జనం కర్మకాండల వైపు లాగబడి, సంసారమనే అడవిలో తిరుగుతూ గాసి చెందుతుంటే అని), అక్కడ ‘గాసి’ దగ్గర నేను తడుముకుంటుంటే “అదే కదా, మనస్సిగె ఘాసి ఆయ్తు అంటాం” అన్నాడు. నిఘంటువులో గాసి అంటే శ్రమ, బాధ. గాసిల్లు అనే క్రియ కూడా ఉంది. మన ఇళ్లలో ఎవరి నోటా నేను వినలేదు, అక్కడేమో క్యాబులో వాడేస్తున్నారు! చివర్లో వచ్చే ‘నడత’ కూడా వాళ్లకి నడతె. అంటే ఈ కీర్తన బెంగళూరు కన్నడిగుడికి, కొత్తతరం తెలుగువాడికంటే ఒక పిసరు ఎక్కువే అర్థమవుతోంది. నాకు కొంచెం ఈర్ష్యగానే అనిపించింది.

వ్యాఖ్య: బావుందండీ. కానీ మనవి తెలుగు మాట కదా, మనవ్యాలకించలో యణాదేశం (ఇ తర్వాత వేరే అచ్చు వస్తే ఆ ఇ పోయి య రావడం) ఎలా వచ్చింది? అది సంస్కృత సంధి.

జవాబు: మంచి ప్రశ్న అండీ. నియమం ప్రకారం ‘మనవి యాలకించ’ అని యడాగమం, అంటే రెండు అచ్చుల మధ్య అదనంగా ఒక య, రావాలి. గబగబా అంటే వి లోని ఇకారం నలిగి ‘మనవ్యా’ అవుతుంది, పాటలో ఒక అక్షరం కలిసొస్తుంది కూడా. నా ఉద్దేశంలో ఇది నోటి వాడుక, దానికి యణాదేశం అని పేరు పెట్టక్కర్లేదు. ఒకవేళ పెట్టినా కొంప మునగదు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఇకార సంధి సూత్రాన్ని మొదలుపెట్టిందే “ఏమ్యాదుల” అని. ఏమి అచ్చ తెలుగే కదా, దానికి ఆది చేర్చి ఆయనే అలా కలిపేశాడు.

వ్యాఖ్య: అక్కా, చివర “కనిపించినాడే నడత త్యాగరాజు” అని పాడతారు. నడత కనబరచింది రాముడా, త్యాగరాజా? చెన్నైలో మా సంగీతం మేడమ్‌ని అడిగితే పాడమ్మా ముందు అన్నారు.

జవాబు: మేడమ్ చెప్పింది ఒకరకంగా కరెక్టే, పాడితేనే తెలుస్తుంది. మానవావతారం ఎత్తి నడత చూపించింది రాముడు. ‘త్యాగరాజు’ అన్నది అక్కడ ఆగే మాట కాదు, పల్లవికి తిరిగి వెళ్లి కలుస్తుంది: త్యాగరాజు మనవి ఆలకించరాదటే. అనుపల్లవి చూడు, “కరుణాంతరంగము తెలిసిన నా” అని ‘నా’ మీద వదిలేస్తాడు, అక్కడా అంతే, ‘నా మనవి’. రెండు చోట్ల నుంచీ దారి ఆ మనవికే. నేనైతే ఇలాగే అన్వయించుకుంటున్నా. పాత ముద్రణల్లో అక్కడ ‘త్యాగరాజు’ అని ఉందో ‘త్యాగరాజ’ అని ఉందో, ఎవరి దగ్గరైనా పుస్తకం ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి.