దీపావళికి మా కుక్కని ఎలా చూసుకోవాలి? పోయినేడాది గేటు దూకి పారిపోయాడు

కాకినాడ_కుర్రోడు:
మా ఇంట్లో మూడేళ్ళ నాటు కుక్క ఉన్నాడు, బుజ్జిగాడు. పోయిన దీపావళికి పక్కింటి పిల్లలు లక్ష్మీ బాంబు పేల్చగానే గేటు దూకి పరుగో పరుగు, ఊరంతా వెతికితే రాత్రి ఒంటిగంటకి రెండు వీధుల అవతల లారీ కింద వణుకుతూ దొరికాడు. ఈసారి మా బాబాయేమో మనం వేసుకునే నిద్రమాత్ర సగం ముక్క పెరుగన్నంలో కలిపి పెట్టెయ్, పొద్దున్నదాకా లేవడు అంటున్నాడు. నాకేమో భయంగా ఉంది. పండగ ఇంకా పది రోజులే ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మూడుపిల్లుల_అమ్మ:
ఆ మాత్ర మాత్రం పెట్టకు తమ్ముడూ! మనుషుల డోసు వేరు, వాటి డోసు వేరు. డాక్టర్లు ఇదివరకు ఎక్కువగా ఇచ్చిన ఏస్‌ప్రొమజీన్ అనే మత్తుమందు కూడా ఒళ్ళు కదలకుండా పడేస్తుందే గానీ భయం తగ్గించదు, పాపం లోపల అన్నీ వినపడుతూనే ఉంటాయి, లేచి దాక్కుందామంటే కాళ్ళు రావు. ఇప్పుడు భయం తగ్గడానికి గాబాపెంటిన్, ట్రాజడోన్ లాంటి మందులు బరువు చూసి రాస్తున్నారు. రేపే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, ఎందుకంటే పండక్కి ముందే ఒకసారి వేసి ఎలా ఉన్నాడో చూసుకోవాలి. పిల్లులున్నవాళ్ళకి ఒక మాట, పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం పోడానికి.

వీధికుక్కల_బాబాయ్:
మాకు ఏటా ఇదే తంతు కాబట్టి చెప్తున్నా. చీకటి పడకముందే, ఐదింటికల్లా బయట తిప్పి తెచ్చెయ్, గొలుసు అస్సలు వదలకు. తర్వాత ఇంట్లో లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను ఫుల్లుగా పెట్టి, టీవీ వేసి, మంచం కింద పాత దుప్పటి పరిచి వదిలెయ్. కట్టెయ్యకు, భయంతో గింజుకుంటే మెడకి ఉరి పడుద్ది. వచ్చి నీ ఒళ్ళో దూరితే దూరనీ, బుజ్జగిస్తే భయం ఇంకా పెరుగుతుందనేది ఉత్త మాట. 2018లో సుప్రీంకోర్టు దీపావళికి టపాసులు రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే కాల్చాలంది, మా వీధికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు 😂 పైగా మీవైపు నాగులచవితికి కూడా కాలుస్తారుగా, ఒక్క రాత్రితో అయిపోయిందనుకోకు.

లడ్డూదొంగ_ఓనర్:
అందరూ శబ్దం గురించే అంటున్నారు, మా ల్యాబ్రడార్ అయితే బాంబులకి చెవి కూడా కదపదు, దాని గొడవంతా తిండితోనే. ఓ దీపావళికి టేబుల్ మీద రవ్వలడ్డూల డబ్బా మొత్తం ఖాళీ చేసింది, డాక్టర్‌కి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్నే కిస్మిస్ వేశారా అని! ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలు పాడుచేస్తాయట, చాక్లెట్ సంగతి తెలిసిందే, డార్క్ అయితే మరీ డేంజర్. ఇంట్లో ఉప్పునీళ్ళు పట్టించి కక్కించొద్దు, ఎంత తిన్నాడో, ఎప్పుడు తిన్నాడో చూసుకుని వెంటనే తీసుకెళ్ళండి. ఇంక పూజగదిలో కర్పూరం, అది మింగితే ఫిట్స్ వస్తాయి. దీపాలు కూడా నేలమీద వద్దు, తోక ఒక్కసారి ఊపితే చాలు. పొద్దున్నే వీధిలో పేలని టపాసులు, మందు పొడి ఊడ్చాకే బయటికి తీసుకెళ్ళండి.

కాకినాడ_కుర్రోడు:
చాలా థ్యాంక్సండి అందరికీ. రేపు సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. టపాసుల సౌండు ఫోన్‌లో పెట్టి అలవాటు చేయిస్తే? ఇంకోటి, మెడలో నంబరు బిళ్ళ అంటారు కదా, ఎక్కడ చేయిస్తారు?

వీధికుక్కల_బాబాయ్:
పది రోజుల్లో సౌండు అలవాటు కాదు, ఇప్పుడు మొదలెడితే ఇంకా బెదిరిపోతాడు. పండగలయ్యాక, చాలా తక్కువ సౌండుతో, తిండి పెడుతూ మొదలెట్టు, నెలలు పడుద్ది. బిళ్ళకి నేమ్‌ప్లేట్లు చెక్కే షాపులో అడుగు. అది దొరికేలోపు బెల్టు లోపలివైపు చెరగని మార్కర్‌తో రెండు నంబర్లు రాయి, నీదొకటి, మీ బాబాయిదొకటి.