"శిక్షలోను"నా, "శిక్షణలోను"నా?

(మాట్లాడేవారిని వారి పేటల పేర్లతో పిలుచుకున్న చర్చ)

లాలాగూడ: చిన్నప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో నాన్న చూడకుండా చెప్పే వాక్యం ఒకటి వారం రోజులుగా నన్ను వదలడం లేదు. "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక ప్రభువు యొక్క శిక్షణలోను బోధలోను వారిని పెంచుడి." బైబిలులో ఎఫెసీయులకు 6:4. మొన్న ఆదివారం గుడిలో చదివినప్పుడు "శిక్షలోను" అని వినబడింది. ఇంటికొచ్చి పుస్తకం తీస్తే అందులోనూ శిక్షలోను అనే ఉంది. నాన్న నోట మాత్రం "ణ" ఉండేది, నాకు గట్టి గుర్తు. తమ్ముడు లేదంటున్నాడు. పాత ముద్రణల్లో ఎవరైనా "శిక్షణ" అని చూశారా? మేం ఏడుగురం పిల్లలం, నాన్న ఒక్కరి మీద కూడా చెయ్యెత్తలేదు. అందుకే ఆ అక్షరం నాకు కావాలి.

చిక్కడపల్లి మాస్టారు: "ణ" ఉన్నా లేకున్నా తేడా లేదండీ. "శిక్ష విద్యోపాదానే" అని సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం. విద్యను అందుకోవడమే శిక్ష. వేదాంగాల్లో ఒకదానికి అదే పేరు. తైత్తిరీయ ఉపనిషత్తులో దానికి దీర్ఘం కూడా ఉంది, "శీక్షాం వ్యాఖ్యాస్యామః" అని. ఆ శీక్షావల్లిలోనే "పితృదేవో భవ" వస్తుందని మరచిపోకండి. దండన అన్న అర్థం మన వాడుకలో ముదిరి అసలుదాన్ని కమ్మేసింది, అంతే. సుశిక్షితుడు అన్నప్పుడు దెబ్బలు తిన్నవాడని ఎవరూ అనుకోరు కదా.

తార్నాక: మాస్టారూ, ధాతువు వరకూ ఒప్పుకుంటాను. కానీ బల్లమీద కూర్చుని వినే పిల్లవాడికి ధాతుపాఠం తెలియదు. వాడికి తెలిసిన శిక్ష బడిలో గోడకుర్చీ, కోర్టులో జైలు. దాని పక్కన సామెతలు 13:24 పెట్టండి, "బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి." ఇక ఎఫెసీ పత్రికలోని శిక్ష కూడా బెత్తమే అయిపోతుంది. మా ఇంట్లో అలాగే అయింది. నాన్నగారు చెడ్డవారు కారు, ఆ మాటను అలా నమ్మారు. కొట్టాక పక్కన కూర్చోబెట్టుకుని ఇదే వాక్యం చెప్పించేవారు. నాకిప్పుడు యాభై దాటాయి. ఇప్పటికీ ఇది వింటే వీపు బిగుసుకుంటుంది.

మల్కాజిగిరి: గ్రీకులో ఉన్న మాట పైదియా. దాని క్రియారూపమే లూకా 23:16లో యేసును విచారించిన పిలాతు నోట వస్తుంది, "శిక్షించి విడుదల చేయుదును" అని. అక్కడ కొట్టించడమే. అదే క్రియ అపొస్తలుల కార్యములు 22:3లో ఈ పత్రిక రాసిన పౌలు తన గురించి వాడుకుంటాడు. గురువు గమలీయేలు పాదాల దగ్గర "శిక్షితుడనై" అంటాడు. అక్కడ చదువే. మన పాత అనువాదకులు రెండుచోట్లా శిక్షనే పట్టుకున్నారంటే మాట దొరక్క కాదు. మూలానికి ఉన్న రెండు ముఖాలూ ఉన్న తెలుగు మాట అదొక్కటే. ఇంకా గట్టి సాక్ష్యం 2 తిమోతికి 3:16, "ఖండించుటకును, తప్పు దిద్దుటకును, నీతియందు శిక్షచేయుటకును." ఖండించడం, దిద్దడం ముందే చెప్పేశాక ఇక మిగిలింది నేర్పడమే.

తార్నాక: అయితే చదివే తండ్రి మనసులో ఏ ముఖం ఉంటే వాక్యం ఆ ముఖమే చూపిస్తుందన్నమాట. అది ఇంకా భయం.

శాలిబండ: మా వైపు ఉర్దూ ఆరాధనకు కూడా వెళ్తుంటాం. అక్కడ "తర్బియత్ ఔర్ నసీహత్" అని ఉంది. తర్బియత్‌లో దెబ్బ లేదు, పెంపకం ఉంది. మా గల్లీలో పిల్లవాడికి తర్బియత్ లేదంటే ఆ మాట వాడికి కాదు, ఇంట్లో పెద్దవాళ్లకు తగులుతుంది. ఇంకొకటి గమనించారా? ఉర్దూలో "తండ్రులారా" అని లేదు. "ఐ ఔలాద్ వాలో" అని ఉంది, సంతానం గలవారలారా అని.

మల్కాజిగిరి: దానికీ ఆధారం ఉంది. మూలంలో పటెరెస్, అంటే తండ్రులు. హెబ్రీయులకు 11:23లో మోషేను దాచిన తలిదండ్రులిద్దరికీ కలిపి అదే మాట. అయినా నేను తెలుగు అనువాదం పక్షమే. మూడు వచనాల ముందు పిల్లలతో మాట్లాడినప్పుడు తలిదండ్రులకు పౌలు వేరే మాట వాడాడు. నాలుగో వచనానికి మార్చాడంటే కావాలనే తండ్రులవైపు తిరిగాడు. రోమా చట్టంలో కుటుంబ పెద్దకు పిల్లల ప్రాణాల మీద కూడా హక్కు ఉండేది. అలాంటి లోకంలో మాట్లాడుతూ, పిల్లలకు విధేయత చెప్పి ఊరుకోకుండా తండ్రికి "రేపక" అని చెప్పడం చిన్న సంగతి కాదు.

బొగ్గులకుంట: మీరంతా శిక్ష దగ్గర ఆగిపోయారు, నా మనసు ఆ "రేపక" మీద ఉంది. దుమ్ము రేపడం, పుండు రేపడం. లోపల ఉన్నదాన్ని కెలకడమే రేపడం. కొలొస్సయులకు 3:21లో ఇదే హెచ్చరికకు "కోపము పుట్టింపకుడి" అని ఉంది, ముందు "మనస్సు క్రుంగకుండునట్లు" అన్న కారణంతో. క్రుంగడం ఎలా ఉంటుందో తెలుగు టీచరుగా ముప్పై ఏళ్లు చూశాను. ప్రోగ్రెస్ కార్డులు పంచి "నాన్నగారి సంతకం తీసుకురండి" అనగానే కొందరు పిల్లల భుజాలు జారిపోతాయి. మార్కులు బాగా వచ్చినవాళ్లవి కూడా. ఆ తండ్రులు ఇంట్లో ఏం చేస్తారో నాకు తెలియదు. ఆ భుజాలు తెలుసు.

చిక్కడపల్లి మాస్టారు: అమ్మా, తండ్రి కోపం అనగానే పోతన తలపుకు వస్తాడు. "చదివించిరి నను గురువులు" కందం చూడండి. చదివితి, చదివినవి, చదువులలో అని అదే మాట తిప్పి తిప్పి చివరికి "జదివితి తండ్రీ" అని ఆపాడు. ఎదురుగా ఉన్నది హిరణ్యకశిపుడు. ఆ "తండ్రీ"లో ఒక్క పిసరు ద్వేషం లేదు. తండ్రి ఎంత రేపినా ఆ కొడుకులో కోపం లేవలేదు. కందానికి చివర గురువు, అంటే దీర్ఘంగా పలికే అక్షరం, ఉండాలి, నిజమే. ఆ గురువు పడ్డచోట పిలుపు పెట్టడం పోతనకే చెల్లింది.

తార్నాక: ప్రహ్లాదుడు ఒక్కడు, మాస్టారూ. మిగతా పిల్లలు క్రుంగుతారు. క్రైస్తవుల ఇళ్ల సంగతి మాట్లాడుతూ జాషువాను వదిలేశామెందుకు? "శిశువు" ఖండికలో పసివాణ్ణి "నోరులేని యోగి" అన్నాడు. పిల్లవాణ్ణి యోగిగా చూసినవాడి చేయి బెత్తం వైపు వెళ్లదని నా నమ్మకం. "క్రీస్తు చరిత్ర"కు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న కవి, ఆయన కూతురు హేమలత నాస్తికుడైన గోరా ఇంటికి కోడలైంది. భర్త లవణంతో కలిసి స్టూవర్టుపురంలో, తర్వాత నిజామాబాదు జిల్లాలో దేవతకు అంకితమిచ్చేసిన జోగినుల మధ్య పనిచేసింది. తండ్రి పద్యాల్లో పడ్డ బాధ ఆమె చేతుల్లో పనిగా మారింది. తండ్రి పిల్లలకు ఇచ్చేది విశ్వాసం ఒక్కటే అనుకునేవాళ్లకు ఇది కొంచెం కష్టంగా ఉండొచ్చు.

చిక్కడపల్లి మాస్టారు: అది సీసం. ఆ యోగి రావడానికి "బొటవ్రేల ముల్లోకములు జూచి" అన్న ఎత్తుగడ ఉండాలి, అది లేకుండా చెబితే సగమే. ఆ పద్యంలోనే "తొమ్మిది నెలల పంట" కూడా ఉంది, నాకు అదంటే ఇంకా ఇష్టం.

మల్కాజిగిరి: పద్యాల్లోకి వెళ్లిపోయే ముందు ఒక్క మాట. "ప్రభువు యొక్క" అన్నది ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పటి తెలుగులో "యొక్క" అంటే దులిపేసే మాట. ఇక్కడ దులపకండి. శిక్ష అయినా శిక్షణ అయినా అది తండ్రిది కాదు, ప్రభువుది. తండ్రి కూడా దాని కిందే ఉన్నాడు.

తార్నాక: ఇది నాకు ముప్పై ఏళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉండాల్సింది. మా నాన్నగారికి కూడా.

లాలాగూడ: నాన్న బైబిలు అక్క దగ్గర ఉంది. రాత్రి ఆ పేజీ ఫోటో తీసి పంపింది. అచ్చులో "శిక్షలోను" అనే ఉంది. పెన్సిల్ దిద్దుబాటు కూడా లేదు, అట్ట మాత్రం రెండుసార్లు కుట్టించిన గుర్తులున్నాయి. అంటే తమ్ముడి మాటే నిజం కావచ్చు, లేదా నాన్న చూడకుండా చెప్పేటప్పుడు "ణ" తనంతట తాను కలుపుకుని ఉండొచ్చు. ఫోటో చూస్తూ పైకి చదివాను. నా నోట మళ్లీ శిక్షణలోను అనే వచ్చింది.

శాలిబండ: ఒకటి అడగనా అన్నా? శిక్షకు "ణ" కలిపిన మనిషి పక్కమాటను ఊరికే వదలడు. ఆయన "బోధలోను" అనేవారా, "బోధనలోను" అనేవారా?

లాలాగూడ: అది గుర్తు లేదండీ. తమ్ముణ్ణి అడుగుతాను.