5×3 డైనింగ్ టేబుల్ మీద 2,000 పాయింట్ల ఆర్మీ పడుతుందా?

పెన్నా_పాచిక (నెల్లూరు)
ఆడేది వార్‌హ్యామర్ 40,000 (బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధం ఆట; ఒక్కో బొమ్మకి ఇన్ని పాయింట్లని లెక్క), ఇద్దరం. ఉన్నది 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు డైనింగ్ టేబుల్. చెరి 2,000 పాయింట్ల బొమ్మలు పెడితే మొదటి టర్న్‌లోనే సగం లేచిపోతున్నాయి, ముందు కాల్చినోడిదే గెలుపు. ఆర్మీ తగ్గించాలా, టేబుల్ పెంచాలా?

ఒంగోలు_గిత్త
పొడవు సరిపోయింది, తక్కువైంది వెడల్పు. 2,000 పాయింట్లకి 60×44 అంగుళాలు కావాలి, మీది 60×36. రెండు సైన్యాల మధ్య 24 అంగుళాలు ఖాళీ వదిలితే ఒక్కో వైపు మిగిలేది 6. అందులో ట్యాంకులు, కాల్బలం ఎట్టా ఇరుకుతాయి? ఖాళీ తగ్గించారా, 24 అంగుళాల రేంజి తుపాకులకి అవతలి వాళ్లు కదలకుండానే దొరికిపోతారు. మీకు జరిగేది అదే.

8×4 అడుగుల ప్లైవుడ్ షీట్ ఒకటి తెచ్చి 30×44 అంగుళాల ముక్కలు మూడు కోయించండి. 96లో 90 పోను మిగిలింది రంపానికి, అంచులకి. ఒక ముక్క కాంబాట్ పాట్రోల్‌కి (చిన్న సైన్యాల ఆట), రెండు కలిపితే 2,000కి, మూడూ కలిపితే 3,000కి. రెండు ముక్కలు మీ టేబుల్ మీద వేస్తే అటూ ఇటూ 4 అంగుళాలు బయటికి వస్తాయి. టేబుల్ అంచుకి తగిలేట్టు కింద సన్న బద్దలు కొట్టండి, లేకపోతే మోచెయ్యి ఆనిస్తే యుద్ధం మొత్తం జారుతుంది. మందం 12 ఎం.ఎం. ఉండాలి, 6 అయితే వంగుతుంది. ఎండీఎఫ్ వద్దు. అక్టోబరు, నవంబరు వానలకి మన దగ్గర అంచులు ఉబ్బి రెండు ముక్కల అతుకు దగ్గర మెట్టు వస్తుంది.

కావలి_కోట
బల్ల పెంచినా అడ్డాలు లేకపోతే అదే కథ. ఒక డిప్లాయ్‌మెంట్ జోన్ (ఆట మొదట్లో సైన్యం నిలబెట్టే చోటు) నుంచి ఇంకో జోన్‌కి చూపు నేరుగా పోయే దారులు ఒకటి రెండుకి మించకూడదు. నడుమ ఎత్తైన గోడలు, శిథిలాలు పెట్టండి. థర్మోకోల్‌తో చేస్తే స్ప్రే పెయింట్ నేరుగా కొట్టొద్దు, కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్ పూసి ఆరనివ్వాలి.

తలకిందులు తప్పు కూడా ఉంది: 500 పాయింట్లు తీసుకొని 6×4 అడుగుల మీద పరవడం. టర్న్‌కి 6 అంగుళాలు నడిచే కాల్బలానికి ఐదు టర్న్‌లలో రెండు మూడు నడకకే పోతాయి.

పెన్నా_పాచిక (నెల్లూరు)
అంగుళాలన్నీ సెంటీమీటర్లు చేసుకొని ఆడితే?

ఒంగోలు_గిత్త
6 ఎం.ఎం. ఎత్తు బొమ్మలకైతే భేషుగ్గా ఉంటుంది. మీవి 32 ఎం.ఎం. బేస్‌లు (బొమ్మ కింది గుండ్రటి పీటలు). 6 సెంటీమీటర్ల కదలిక అంటే రెండు బేస్‌లు కూడా కాదు, బొమ్మలు నిలబడ్డ చోటే తోసుకుంటాయి.

కావలి_కోట
చోటే లేకపోతే డీబీఏ చూడండి, పాతకాలపు యుద్ధాలని చిన్న బోర్డు మీద ఆడే ఆట. సైన్యానికి 12 ఎలిమెంట్లు (ఒక్కో బేస్ మీద కొన్ని బొమ్మలు అతికించిన దళాలు), 15 ఎం.ఎం. బొమ్మలకి బేస్ వెడల్పు 40 ఎం.ఎం. అన్నీ ఒకే వరసలో పెడితే 48 సెం.మీ. 60 సెం.మీ. బోర్డు మీద పక్కలకి మిగిలేది ఆరేసి సెం.మీ., చుట్టు తిరిగి కొట్టడానికి చాలదు. క్యారమ్ బోర్డు లోపలి చదరం 74 సెం.మీ., పక్కలకి పదమూడేసి వస్తుంది. పైన ఫెల్ట్ గుడ్డ పరిస్తే చాలు, పాచికలు దొర్లిపోకుండా చెక్క అంచు ఆపుతుంది.

మనోళ్లకి ఉదయగిరి మీద మోజెక్కువ. కృష్ణదేవరాయల 1513–14 దండయాత్ర అక్కడ ముట్టడి, డీబీఏ మైదానపు పోరుకి. కొండంతా పెడితే బోర్డుని అదే మింగేస్తుంది. సగం కొండ అంచుకి ఆనించి, కింది పల్లంలో ఆడుకోండి.