ఓవర్‌టేక్ సులువైతే రేసు బాగుపడినట్టేనా?

టర్న్‌వన్:
2025 సీజన్‌తో ఫార్ములా వన్‌లో డీఆర్ఎస్ (డ్రాగ్ రిడక్షన్ సిస్టమ్) వెళ్లిపోయింది. 2011లో వచ్చింది, పదిహేను సీజన్లు ఉంది. ముందు కారుకు ఒక సెకను లోపు చేరితే చాలు, ట్రాక్ నేరుగా సాగే చోట, అంటే గుర్తు పెట్టిన స్ట్రెయిట్‌లో, బటన్ నొక్కితే వెనక కారు రియర్ వింగ్ (వెనక రెక్క) ఫ్లాప్ తెరుచుకునేది. గాలి అడ్డు తగ్గి వేగం పెరిగేది. ముందున్నవాడు మాత్రం ఆ బటన్ నొక్కలేకపోయేవాడు. నా అభ్యంతరం అంతా ఇక్కడే.

2005 ఇమోలా రేసు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు షూమాకర్ ఫెరారీదే వేగం. అయినా అలోన్సో చివరి ల్యాపులన్నీ అతన్ని వెనకే ఉంచి 0.215 సెకన్ల తేడాతో గెలిచాడు. ఎక్కడ బ్రేక్ వేయాలి, కార్నర్ నుంచి ఎప్పుడు బయటపడాలి అని ప్రతి మలుపులోనూ లెక్క వేసుకుని నడిపాడు. డీఆర్ఎస్ ఉండి ఉంటే ఆ పోరు రెండు ల్యాపుల్లో తేలిపోయేది. ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీని దాటినట్టు దాటేస్తే దాన్ని ఓవర్‌టేక్ అని లెక్క రాసుకోవడం నాకు నచ్చదు.

స్లిప్‌స్ట్రీమ్:
టర్న్‌వన్ గారూ, అదే అలోన్సోకు 2010 అబుదాబిలో ఏమైందో కూడా చెప్పాలి కదా. టైటిల్ తేల్చే చివరి రేసుకు పాయింట్లలో ముందుండి వచ్చాడు. టైర్లు మార్చుకునే పిట్ స్టాప్ తర్వాత రెనో కారులో ఉన్న పెట్రోవ్ వెనక పడ్డాడు. రేసు మొత్తం 55 ల్యాపులు. అందులో దాదాపు నలభై ల్యాపులు ఆ కారు వెనకే గడిచాయి. ఏడో స్థానంలో ముగించాడు, వెట్టెల్ నాలుగు పాయింట్ల తేడాతో ఛాంపియన్ అయ్యాడు.

పెట్రోవ్ తప్పేమీ చేయలేదు, బాగా నడిపాడు. కానీ అలోన్సోను ఆపిన దాంట్లో గాలి వాటా కూడా పెద్దదే. ముందు కారు చెదరగొట్టిన గాలిలోకి వెళ్తే వెనక కారు ఫ్రంట్ వింగ్ పట్టు కోల్పోతుంది. కార్నర్‌లో కారు తిరగదు, జారిన టైర్లు వేడెక్కుతాయి, రెండు ల్యాపులు వెంటపడ్డాక మూడో ల్యాపులో వెనక్కి తగ్గక తప్పదు. డీఆర్ఎస్ ఆ నష్టాన్ని కొంత పూడ్చింది. దాన్ని అంతకు మించి ఏదో అనుకోనక్కర్లేదు.

టర్న్‌వన్:
జబ్బు ఉందని నేనూ ఒప్పుకుంటాను. అందుకే కారు రూపాన్నే మార్చిన 2022 నియమాలు నాకు నచ్చాయి. పాత కారు 20 మీటర్ల వెనక ఉంటే 35 శాతం డౌన్‌ఫోర్స్ (కారును ట్రాక్‌కు అదిమి పట్టే గాలి బలం) పోయేదని, కొత్త కారుకు 4 శాతమే పోతుందని అప్పట్లో ఎఫ్1 వాళ్లు చెప్పారు. తర్వాత టీములు కార్లను మెరుగుపరుస్తూ పోయేసరికి ఆ లాభం కొంత కరిగింది, అది వేరే విషయం. మందు అక్కడ వేయాలి. ముందున్నవాడి చేతులు కట్టేయకూడదు.

స్లిప్‌స్ట్రీమ్:
చేతులు కట్టేశారని ఎలా అంటారు? 2021 హంగరీలో హామిల్టన్ చాలా వేగంగా వస్తుంటే అలోన్సో పది ల్యాపుల పాటు ఆపాడు. ఆ ఆలస్యం వల్లే అతని టీమ్‌మేట్ ఓకాన్ మొదటి విజయం నిలబడింది. అదంతా డీఆర్ఎస్ కాలంలోనే!

టర్న్‌వన్:
హంగరీ ట్రాక్ హంగరోరింగ్‌లో స్ట్రెయిట్ చిన్నది, అందుకే నిలబడింది. డీఆర్ఎస్ వాడే జోన్ ఎంత పొడవు పెట్టారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తే, డ్రైవర్ చేతిలో మిగిలేది ఎంత?

నెక్లెస్‌రోడ్:
ఇద్దరి మాటా విన్నాను. నేను 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు చూశాను. అక్కడి ఎటాక్ మోడ్ నాకు బాగా పట్టేసింది. అదనపు పవర్ కావాలంటే డ్రైవర్ రేసింగ్ లైన్ వదిలి, మలుపులో బయటి వైపు గుర్తు పెట్టిన చోటి మీదుగా పోవాలి. ఆ కాస్త ఆలస్యంలో ఒక స్థానం పోవచ్చు కూడా. ఎప్పుడు వెళ్లాలన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి, లీడర్‌తో సహా. చివర్లో వెనకున్న కాసిడీ కన్నా తక్కువ చార్జ్ మిగిలినా, ముందున్న వెర్న్ అతన్ని దాటనివ్వలేదు. స్టాండ్‌లో మేమంతా లేచి నిలబడే ఉన్నాం, అంత టెన్షన్. సాయం ఉంది, అడ్డుకునే వీలూ ఉంది. అమెరికా రేసింగ్ సిరీస్ ఇండీకార్‌లో అదనపు పవర్ ఇచ్చే పుష్ టు పాస్ బటన్ కూడా అంతే. రేసు మొత్తానికి ఇన్ని సెకన్లు అని ఇస్తారు, దాటడానికి వాడతావో, కాపాడుకోవడానికి వాడతావో నీ ఇష్టం.

డీఆర్ఎస్‌లో కూడా ఒక్కసారి అలాంటి తెలివి చూశాను. 2023 సింగపూర్‌లో సైన్జ్ ముందున్నాడు, నోరిస్ రెండో స్థానం, వెనక కొత్త టైర్లతో రసెల్, హామిల్టన్ దూసుకొస్తున్నారు. సైన్జ్ పారిపోలేదు. కావాలనే వేగం తగ్గించి నోరిస్‌ను ఒక సెకను లోపే ఉంచాడు. దాంతో నోరిస్‌కు డీఆర్ఎస్ దొరికింది, రసెల్ దాటలేకపోయాడు, చివరి ల్యాపులో గోడకు తగిలాడు. ఆ ఏడాది రెడ్‌బుల్ గెలవని ఒకే ఒక్క రేసు అది. దాడికి ఇచ్చిన ఆయుధాన్ని తన ప్రత్యర్థికే డాలుగా అందించాడు సైన్జ్. ఆ నియమం రాసినవాళ్లు ఇది ఊహించి ఉంటారని నేననుకోను.

స్లిప్‌స్ట్రీమ్:
బాగా చెప్పారు. మరి 2026 నియమాల సంగతి? స్ట్రెయిట్‌లలో వింగ్‌లు ఇప్పుడు అందరికీ తెరుచుకుంటాయి. ఒక సెకను లోపు ఉన్నవాడికి దక్కేది అదనపు ఎలక్ట్రిక్ పవర్.

టర్న్‌వన్:
వెనకవాడికే ఇవ్వడం ఇప్పటికీ నచ్చలేదు. కానీ ఇప్పుడు విషయం బ్యాటరీది. ముందున్నవాడు కూడా ముందుచూపుతో చార్జ్ దాచుకుంటే సరైన చోట బదులివ్వగలడు, ఆ మేరకు డీఆర్ఎస్ కన్నా మేలే. సింగపూర్ విషయంలో నెక్లెస్‌రోడ్ గారి మాట ఒప్పుకుంటున్నాను, ఆ రేసు మళ్లీ చూస్తాను. ఇమోలా విషయంలో మాత్రం నా మాట మారదు.