'మెర్సిడెస్‌కు వెళ్తాడట': వార్తల్లో ఈ 'ట' ఎందుకు రాయకూడదు?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. నేను ఒక క్రీడల వెబ్‌పత్రికకు ఫార్ములా వన్ కారు రేసుల వార్తలు తెలుగులో రాస్తుంటాను. 2025 వేసవిలో డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్ రెడ్ బుల్ జట్టును వదిలి మెర్సిడెస్ జట్టులో చేరతాడన్న పుకార్లు జోరుగా నడుస్తున్నప్పుడు, "వెర్‌స్టాపెన్ వచ్చే ఏడాది మెర్సిడెస్‌కు వెళ్తాడట" అని ఒక వార్తకు శీర్షిక పెట్టాను. మా డెస్కులో దాన్ని "వెర్‌స్టాపెన్ మెర్సిడెస్‌లో చేరనున్నట్లు తెలుస్తోంది" అని మార్చారు. 'ట' మాట్లాడే భాషకే తప్ప రాతకు పనికిరాదనీ, పైగా అందులో వెటకారం ధ్వనిస్తుందనీ చెప్పారు. మార్చిన వాక్యమే నాకు ఎక్కువ తప్పుగా అనిపిస్తోంది గాని, ఎందుకు తప్పో వివరించడం చేతకావడం లేదు. పెద్దలు చెప్పగలరు.

జవాబు:

అమ్మా, మీకు అనిపించింది సరైనదే. ముందు 'తెలుస్తోంది' అన్న క్రియను చూడండి. తెలియడం అనేది ఉన్న విషయానికే చెల్లుతుంది. "ఆయన ఊళ్లో లేడని తెలిసింది" అని మీరు చెబితే, ఆయన ఊళ్లో లేడని మీరు పూచీ పడుతున్నారన్నమాట. ఆ తర్వాత ఆయన వీధి మలుపులో ఎదురైతే "తెలిసిందన్నారు కదా" అని మిమ్మల్నే నిలదీస్తారు. కాబట్టి "చేరనున్నట్లు తెలుస్తోంది" అన్న వాక్యం ఎవరికి తెలుస్తోందో, ఎవరి ద్వారా తెలుస్తోందో చెప్పకుండా దాటేస్తూనే, విషయం నిజమన్న భారాన్ని మాత్రం పాఠకుడి నెత్తిన పెడుతుంది. ఇక 'చేరనున్న' అన్న రూపం అంతకంటే పెద్ద మాట. "మంత్రి రేపు వంతెనను ప్రారంభించనున్నారు" అని రాసేది కార్యక్రమం ఖరారై, శిలాఫలకం మీద పేర్లు చెక్కించిన తర్వాత. వెర్‌స్టాపెన్ విషయంలో అప్పటికి ఖరారైనది ఒక్కటే: 2028 చివరి వరకు రెడ్ బుల్‌తోనే ఉంటానని 2022 మార్చిలో ఆయన చేసుకున్న ఒప్పందం. అంటే మీ డెస్కువారు ఖరారైన దాన్ని పక్కన పెట్టి, ఖరారు కానిదానికి ఖరారు రూపం తొడిగారు. 2025 జులై 31న హంగరీ రేసుకు ముందు వెర్‌స్టాపెన్ తాను 2026లోనూ రెడ్ బుల్‌లోనే ఉంటున్నానని స్వయంగా చెప్పేసరికి, "తెలుస్తోంది" అని రాసినవారి వాక్యం తప్పయింది. అదే రోజు మీ "వెళ్తాడట" తప్పయిందా? కాలేదు. వెళ్తాడని కొందరు అన్నమాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

అసలు ఈ 'ట' చేసే పని అదే. ఇది పూర్తయిన వాక్యం చివర చేరి, ఈ మాట నాది కాదు, నేను విన్నది అని చెబుతుంది. వెళ్లాడట, వెళ్తున్నాడట, వెళ్లబోతున్నాడట, వెళ్లడట, వెళ్లవచ్చట, వెళ్లమన్నారట: కాలం ఏదైనా, వ్యతిరేకార్థమైనా, సంభావ్యమైనా దీనికి అడ్డు లేదు. విన్నది నిజమని గాని అబద్ధమని గాని ఇది తీర్పు చెప్పదు. ఆ తీర్పును, చెప్పినవాడు ఎవరన్న దాన్ని బట్టి వినేవాడు చేసుకుంటాడు.

'ట' ఉంటే అనుమానం ఉన్నట్టేనని వాదించేవారికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ పోతన పద్యం. "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట, నే పలికిన భవహరమగునట" అన్నప్పుడు ఆయనకు రాముడి మీద అనుమానమా, వెటకారమా? రెండూ కావు. పెద్దల వల్ల విన్న మాటను విన్నట్టుగా మన ముందుంచి, దాని మీద నమ్మకంతో "పలికెద" అని కలం పట్టాడు. 'ట' వినయానికీ పనికొస్తుందనడానికి, రాతకూ పనికొస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరి వెటకారం ఎక్కడి నుంచి వచ్చింది? మీ డెస్కువారి భయం పూర్తిగా నిరాధారం కాదు. చెప్పేవాడికి స్వయంగా తెలిసిన విషయంలో పరుల మాటను 'ట'తో మోస్తే వెటకారం పుడుతుంది. వెర్‌స్టాపెన్‌కే తెలుగు వచ్చి ఉంటే, ఆ జులైలో ఏ విలేకరుల సమావేశంలోనైనా "నేను మెర్సిడెస్‌కు వెళ్తానట!" అని ఒక్క మాట అంటే సరిపోయేది. తన నిర్ణయం తనకు తెలియకపోదు. తెలిసి కూడా ఊరివాళ్ల మాటగా చెప్పడంలోనే నిరసన ఉంది. "నేను దొంగనట", "ఆయన పెద్ద మొనగాడట" అన్న వాక్యాల్లో జరిగేదీ ఇదే. అయితే వార్త రాసే మీకు వెర్‌స్టాపెన్ మనసులో ఏముందో స్వయంగా తెలిసే అవకాశం లేదు కాబట్టి, మీ వాక్యంలో ఆ వెటకారానికి చోటు లేదు. నాకు తోచినంతలో డెస్కువారి అసలు ఇబ్బంది వేరు. మన సినిమా పేజీల్లో "ఫలానా కథానాయిక ఫలానా చిత్రంలో నటిస్తోందట!" అని ఆశ్చర్యార్థకం తగిలించి రాసీ రాసీ, 'ట' అనగానే గుసగుసల శీర్షిక గుర్తుకొచ్చేలా చేశారు. అక్కడ కన్ను గీటుతున్నది ఆశ్చర్యార్థకం. 'ట' ఏ పాపమూ ఎరుగదు.

ఇక్కడ 'ఏమో'ను కూడా పక్కన పెట్టి చూడాలి. "వెళ్తాడేమో" అంటే అది నా సొంత ఊహ, దానికి మరొకరి నోరు అక్కర్లేదు. "వెళ్తాడట" అంటే నేను విన్నది, దానికి నా ఊహ అక్కర్లేదు. మనం ఊహాగానం, వదంతి అన్న మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం గాని, ఆ రెండింటి మధ్య తేడా సరిగ్గా 'ఏమో'కూ 'ట'కూ మధ్య ఉన్న తేడాయే. వదంతి వెనక ఉన్న సంస్కృత క్రియకు "వారు చెబుతున్నారు" అనే అర్థం. అంటే 'ట' ఒక నామవాచకమైతే ఎలా ఉంటుందో వదంతి అలా ఉంది. పుకారు మాత్రం హిందీలో కేక, పిలుపు అన్న అర్థం నుంచి వచ్చి, మన దగ్గర చాటుమాటు మాటగా మారింది.

ఆ వేసవిలో ఒక్క పుకారు ఎలా పెరిగిందో క్రియల చివరలను బట్టి చూపిస్తాను. వెర్‌స్టాపెన్ పడవ, మెర్సిడెస్ జట్టు అధిపతి టోటో వోల్ఫ్ పడవ సార్డీనియా తీరంలో దగ్గరదగ్గరగా కనిపించాయట. ఇంతవరకు విన్న మాట. ఇద్దరూ కలుసుకుని మాట్లాడుకున్నారేమో: ఇది ఎవరో చేసిన ఊహ. మరొకరు దాన్ని అందుకుని "మాట్లాడుకున్నారట" అన్నారు. ఇక్కడే దొంగతనం జరిగింది. మొదటివాడి 'ఏమో' రాలిపోయి, ఊహ కాస్తా సమాచారమైంది. దాన్ని చదివిన పత్రికవారు "ఒప్పందం కుదిరినట్లు తెలుస్తోంది" అని రాశారు. చివరికి అభిమానుల చర్చల్లో ఆ 'తెలుస్తోంది' కూడా పోయి "కుదిరింది" మిగిలింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్న సామెత ఇటువంటి చోటికే పుట్టింది. అంతా అయ్యాక చూస్తే మొదట్లో ఉన్నవి రెండు పడవలు, నీళ్లు.

అలాగని ఆ పుకార్లన్నీ గాలి కబుర్లేనని కొట్టిపారేయడానికి లేదు. జూన్ నెలాఖరులో ఆస్ట్రియా రేసు సమయంలో మెర్సిడెస్ డ్రైవర్ జార్జ్ రసెల్, వెర్‌స్టాపెన్‌తో తన జట్టు మంతనాలు సాగుతుండడం మామూలేనన్నట్టు బహిరంగంగా మాట్లాడాడు. ఇటువంటి చోట 'ట' కూడా అక్కర్లేదు. చెప్పిన మనిషి తెలిసినప్పుడు "మంతనాలు సాగుతున్నాయని రసెల్ చెప్పాడు" అని 'అని'తో రాయడమే మేలు. చెప్పిన మనిషి తెలియనప్పుడు, లేదా కర్ణాకర్ణిగా వచ్చినప్పుడు 'ట'. వేసవి విరామం నాటికి డ్రైవర్ల పట్టికలో మొదటి మూడు స్థానాల్లో లేకపోతే జట్టు వదిలి వెళ్లే వీలు వెర్‌స్టాపెన్ ఒప్పందంలో ఉందట. ఆ ఒప్పందాన్ని మనమెవ్వరం చదవలేదు కాబట్టి, దీన్ని ఇంతకంటే నిజాయితీగా చెప్పే మార్గం నాకు తోచదు.

మరొక సభ్యుడు:

గురువుగారూ, మీ వివరణ బాగుంది, కాని రెండు సందేహాలున్నాయి. మాది కరీంనగర్ వైపు. మేము "పోతడంట" అంటాం, 'ట' ఒక్కటే పలకడం మాకు అలవాటు లేదు. మీ సలహా ప్రకారం వార్తల్లో 'ట'నే రాయాలంటే, మళ్లీ ఒక ప్రాంతం నుడికే పీట వేసినట్టు కాదా? రెండోది, అధికారిక ప్రకటన వెలువడగానే 'ట'ను తీసేయవచ్చని మీ మాటల సారం. ప్రకటన వచ్చిందంటే నిజమైపోయినట్టేనా?

జవాబు:

నాయనా, మొదటి సందేహానికి జవాబు చిన్నది. 'అంట' కూడా అదే పని చేస్తుంది, అంతే చక్కగా చేస్తుంది. మీ వాక్యంలో మిగతా క్రియలు ఏ నుడిలో ఉంటే దానికి తగినది రాయండి. "పోతడంట" అని రాసే పత్రిక వస్తే నేను సంతోషంగా చదువుతాను. నా పేచీ 'తెలుస్తోంది'తోనే.

రెండో సందేహం మంచిది, దానికి ఫార్ములా వన్‌లోనే రెండు ఉదాహరణలున్నాయి.

డ్రైవర్ లూయిస్ హామిల్టన్ 2023 ఆగస్టు చివరిలో మెర్సిడెస్‌తో 2025 దాకా ఒప్పందం పొడిగించుకున్నాడు. ఆరు నెలలైనా గడవకముందే, 2024 ఫిబ్రవరి 1న "ఫెరారీకి వెళ్తాడట" అన్న మాట గుప్పుమంది. విన్నవారిలో చాలామంది నమ్మలేదు. అదే రోజు రెండు జట్లూ ప్రకటన చేశాయి. "వెళ్తాడట" కాస్తా "వెళ్తున్నాడు" అయింది. ఇక్కడ 'ట' రాలిపోవడం పూర్తిగా న్యాయమే. చెప్పవలసినవారందరూ ఒకే మాట చెప్పారు.

ఆస్కర్ పియాస్ట్రి సంగతి అలా కాదు. 2022 ఆగస్టు 1న ఆల్పీన్ జట్టు డ్రైవర్ ఫెర్నాండో అలోన్సో ఆస్టన్ మార్టిన్ జట్టుకు వెళ్తున్నట్టు వెల్లడైంది. అలా ఖాళీ అయిన సీటులో 2023కు తమ రిజర్వ్ డ్రైవర్ పియాస్ట్రి కూర్చుంటాడని మరునాడు ఆల్పీన్ జట్టు అధికారికంగా ప్రకటించింది. కొన్ని గంటలకే పియాస్ట్రి ట్విటర్‌లో, తన అంగీకారం లేకుండా ఆ ప్రకటన చేశారనీ, తాను వచ్చే ఏడాది ఆల్పీన్‌కు నడపడం లేదనీ రాశాడు. ఒప్పందాలను పరిశీలించే మండలి సెప్టెంబరు 2న, 2023కు పియాస్ట్రి ఒప్పందం మెక్‌లారెన్ జట్టుతోనే చెల్లుతుందని తేల్చింది. ఆగస్టు 2 సాయంత్రం "పియాస్ట్రి ఆల్పీన్‌కు నడపనున్నాడు" అని రాసినవారు ఒక జట్టు మాటను తమ మాటగా చేసుకున్నారు. "నడుపుతాడని ఆల్పీన్ ప్రకటించింది" అని రాసినవారి వాక్యాన్ని మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. అటువంటి రోజున కాస్త చమత్కారం తెలిసిన రచయితకు "పియాస్ట్రి ఆల్పీన్‌కు నడుపుతాడట, ఆయనకే తెలియదట" అని రాసే వీలు మన భాష ఇచ్చింది. మొదటి 'ట' ఆల్పీన్‌ది, రెండోది పియాస్ట్రిది. రెండు నోళ్ల మాటలను ఒకే వాక్యంలో, ఎవరి పక్షమూ వహించకుండా పెట్టగలగడం చిన్న సౌకర్యం కాదు.

కాబట్టి ప్రకటన చేసిన పక్షం ఒక్కటే అయితే 'అని' వదలకండి. ఇరుపక్షాలూ, డ్రైవరూ ఒకే మాట మీద ఉంటే అప్పుడు నిశ్చయార్థకం రాయండి.

ఇక ప్రశ్న అడిగిన అమ్మాయికి: మీ డెస్కువారు శీర్షికలో 'ట'ను ఎంతకూ ఒప్పుకోకపోతే, వాక్యాన్ని తిప్పి "వెర్‌స్టాపెన్ మెర్సిడెస్‌కు వెళ్తాడని ప్రచారం, రెడ్ బుల్‌తో 2028 దాకా ఒప్పందం" అని రాయండి. ప్రచారమన్న మాట 'ట' చేసే పనిలో సగం చేస్తుంది. రెండో సగాన్ని ఆ ఒప్పందపు గడువు చేస్తుంది. 'ట'ను లోపలి వార్తలో, పడవల దగ్గర, షరతుల దగ్గర, పేరు చెప్పని 'విశ్వసనీయ వర్గాల' దగ్గర నిస్సంకోచంగా వాడుకోండి. ఆశ్చర్యార్థకం మాత్రం ఎక్కడా పెట్టకండి.