ఆర్లాండో స్ప్రింగ్ బ్రేక్ ట్రిప్: వాలంటీర్ల ప్లానింగ్ థ్రెడ్

ట్రిప్ కోఆర్డినేటర్

అందరికీ నమస్కారం. అట్లాంటా నుంచి డిస్నీ వరల్డ్‌కి వస్తామని పేర్లు ఇచ్చిన కుటుంబాల లిస్టు చూశాను. నెలల పాప నుంచి ఇండియా నుంచి వచ్చిన తాతయ్యల దాకా అందరూ ఉన్నారు. చాలా సంతోషం. కానీ ఒక మాట ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరూ మనసు కష్టపెట్టుకోవద్దు: పార్కు లోపల మనమంతా ఒకే గుంపుగా తిరగడం జరగని పని. ఒకరు బాత్రూమ్‌కి వెళ్తే అందరూ ఆగాలి, ఒకరికి ఆకలేస్తే అందరూ తినాలి. సాయంత్రానికి రెండు రైడ్లు కూడా పూర్తి కావు, టికెట్ డబ్బులు మాత్రం పూర్తిగా అయిపోతాయి.

అందుకని నా ప్రతిపాదన, మూడు నాలుగు కుటుంబాలకు ఒక జట్టు. జట్లు కట్టేది పిల్లల ఎత్తు చూసి. ఎవరు ఎవరికి క్లోజ్ అన్నది హోటల్లో చూసుకుందాం. డిస్నీలో వయసు కంటే అంగుళాలకే విలువ ఎక్కువ. అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో బార్న్‌స్టార్మర్ రైడ్ ఎక్కాలంటే 35 అంగుళాలు ఉండాలి. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38, టియానాస్ బయూ అడ్వెంచర్‌కి 40, స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48. డంబో, పీటర్ పాన్, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ లాంటి వాటికి ఎత్తుతో పనిలేదు. ఈ లెక్కన 38 లోపు పిల్లలున్న ఇళ్లు ఒక వైపు, 38 నుంచి 48 లోపు వాళ్లు ఒక వైపు, ట్రాన్ ఎక్కగలిగే పెద్ద పిల్లలు ఒక వైపు. పిల్లలను ఇంట్లోనే చెప్పులు లేకుండా, గోడకి ఆనించి కొలవండి. అక్కడ గంట లైన్లో నిలబడ్డాక ఎత్తు కొలిచే కర్ర దగ్గర ఒక అంగుళం తక్కువైందంటే ఆ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు.

ఒక సభ్యురాలు

అన్నా, మాకు బాబు చిన్నోడు, పాప పెద్దది. పాపకి 11 ఏళ్లు, ట్రాన్ అంటే పిచ్చి. బాబుకి ఇంకా మూడు నిండలేదు. మేము ఏ జట్టు? మా ఇంటిని రెండు ముక్కలు చేస్తారా ఏంటి?

ట్రిప్ కోఆర్డినేటర్

చెయ్యం చెల్లెమ్మా, చిన్నోడి జట్టులోనే ఉండండి. మీలాంటి వాళ్ల కోసమే రైడర్ స్విచ్ ఉంది. రైడ్ ముందు ఉన్న ఉద్యోగికి బాబుని చూపించి అడగండి. మీ ఆయన, పాప మామూలు లైన్లో వెళ్తారు, మీరు బాబుతో బయట ఉంటారు. వాళ్లు దిగాక మీరు మళ్లీ ఆ పెద్ద లైన్లో నిలబడక్కర్లేదు, లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టిన వాళ్లు త్వరగా వెళ్లే లైన్) దారిలో పంపిస్తారు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. మన వాళ్లలో చాలామంది ఇది తెలియక ఒకరు త్యాగం చేసి బెంచీ మీద కూర్చుంటారు, సాధారణంగా అమ్మే.

పాపని పెద్ద పిల్లల జట్టుతో పంపాలనుకుంటే అదీ మీ ఇష్టం. 14 ఏళ్ల లోపు పిల్లలు పార్కులోకి రావాలంటే పక్కన కనీసం 14 ఏళ్ల వాళ్లు ఉండాలి, ఏడేళ్ల లోపు వాళ్లకు రైడ్ ఎక్కేటప్పుడు కూడా ఉండాలి, అదీ డిస్నీ రూల్. 11 ఏళ్ల పాప గేటు దగ్గర పెద్దవాళ్లతో వస్తే చాలు, రైడ్ల దగ్గర ఆ రూల్ అడ్డు రాదు. అయినా పెద్దవాళ్లు ఒకరు తోడు లేకుండా పిల్లలను జట్టులోకి తీసుకోవద్దని వాలంటీర్లకు నా మాట.

టికెట్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మూడేళ్ల లోపు వాళ్లకు టికెట్ అక్కర్లేదు. 3 నుంచి 9 వరకు పిల్లల టికెట్, 10 నిండితే పెద్దల టికెట్. ధర తేదీని బట్టి మారుతుంది కాబట్టి "తర్వాత కొందాంలే" అనుకోవద్దు.

ట్రాన్స్‌పోర్ట్ వాలంటీర్

అట్లాంటా నుంచి ఆర్లాండోకి దాదాపు 440 మైళ్లు. ఆగకుండా వెళ్తే ఆరున్నర గంటలు అని ఫోన్ చెబుతుంది, నమ్మకండి. పిల్లలతో, స్ప్రింగ్ బ్రేక్ ట్రాఫిక్‌లో ఐ-75 మీద ఇంకో రెండు గంటలు వేసుకోండి. వైల్డ్‌వుడ్ దగ్గర ఫ్లోరిడా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కాలి, మన జార్జియా టోల్ స్టిక్కర్ పీచ్ పాస్ అక్కడ కూడా పనిచేస్తుంది, కొత్త స్టిక్కర్ కొనక్కర్లేదు.

అసలు ముఖ్యమైన సంగతి ఇది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారు పార్కింగ్ పార్కు ముందు ఉండదు. సరస్సు ఇవతల ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర ఆపాలి. అక్కడే బ్యాగుల చెకింగ్. తర్వాత మోనోరైలో, ఫెర్రీ పడవో ఎక్కి అవతలికి వెళ్లాలి. తొమ్మిదికి తెరుస్తారని తొమ్మిదికి పార్కింగ్‌లోకి వస్తే పార్కు లోపల మెయిన్ స్ట్రీట్ మీద అడుగుపెట్టేసరికి పది దగ్గర పడుతుంది. తెరిచే టైముకి కనీసం గంట ముందు పార్కింగ్‌లో ఉండాలి. కారు ఆపగానే వరుస నంబరు ఫోటో తీసుకోండి, రాత్రి పది గంటలకి ఎవరికీ గుర్తుండదు.

రెండో పార్కు ఎప్‌కాట్‌కి ఈ గొడవ లేదు, పార్కింగ్ గేటు ముందే.

కిస్సిమ్మీ ఇళ్లు చూస్తున్న వాలంటీర్

వంటగది ఉన్న అద్దె ఇళ్లు డిస్నీకి దగ్గర్లోని కిస్సిమ్మీ వైపు బోలెడు ఉన్నాయి, రెండు మూడు కుటుంబాలు కలిసి తీసుకుంటే హోటల్ కంటే నయం. ఒక్క లోటు ఉంది. డిస్నీ సొంత హోటళ్లలో దిగిన వాళ్లను అరగంట ముందు పార్కులోకి వదులుతారు, మనకు అది రాదు. వంటగది కావాలా, అరగంట కావాలా అంటే నా ఓటు వంటగదికే.

ఫుడ్ కమిటీ

బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు. కానీ షరతులున్నాయి, అవి చదివాకే మెనూ రాశాం. గాజు సీసాలు వద్దు, అంటే ఆవకాయ సీసాతో వస్తే గేటు దగ్గరే ఆగిపోతారు, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. వేడి చెయ్యాల్సినవి, చల్లగానే ఉంచాల్సినవి, ఘాటు వాసన వచ్చేవి కూడా వద్దన్నారు. కూలర్ 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. విడి ఐస్ ముక్కలు, డ్రై ఐస్ కుదరదు, గడ్డకట్టే ఐస్ ప్యాకులు తెచ్చుకోవచ్చు.

కాబట్టి పులిహోర, చపాతీ చుట్టలు, పొడి ఇడ్లీ, మురుకులు. దద్దోజనం అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు, ఫ్లోరిడా ఎండలో దాన్ని మధ్యాహ్నం దాకా మోయమని నేను చెప్పలేను, రాత్రి ఇంటికొచ్చాక తిందురుగాని. ఇంకో మాట, బల్లలు కలిపి వరుసగా గిన్నెలు పెట్టి వడ్డించే పద్ధతి అక్కడ నడవదు. ఎవరి ప్యాకెట్లు వాళ్ల బ్యాగులోనే ఉంటాయి, పొద్దున బయల్దేరేటప్పుడు ఇంటికో సంచి ఇచ్చేస్తాం.

నీళ్లు కొనకండి. కూల్ డ్రింక్ మిషన్ ఉన్న కౌంటర్లలో అడిగితే ఐస్ నీళ్లు ఉచితంగా ఇస్తారు.

మరో సభ్యుడు

మా అమ్మానాన్న మొదటిసారి వచ్చారండీ. నాన్నకి మోకాళ్ల నొప్పి. "మాకెందుకురా, ఇంట్లో ఉంటాం" అంటున్నారు. తీసుకురావాలా వద్దా?

ట్రిప్ కోఆర్డినేటర్

తప్పకుండా తీసుకురండి, కాకపోతే వాళ్ల కోసం విడిగా ఆలోచించాలి. మన ట్రిప్పుల్లో పెద్దవాళ్లకు అప్పజెప్పే పని ఏంటో అందరికీ తెలుసు: బ్యాగులకు కాపలా. అంత ఖర్చు పెట్టి తీసుకొచ్చి వాళ్లను స్ట్రాలర్ పార్కింగ్ దగ్గర కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

నడక ఎక్కువ, అది నిజం. ఎప్‌కాట్‌లో 11 దేశాల పెవిలియన్లున్న సరస్సు చుట్టూ ఒక్క చుట్టు తిరిగితేనే 1.2 మైళ్లు. నడవగలను అని నాన్నగారు అన్నా సరే వీల్‌చెయిర్ ఏర్పాటు చెయ్యండి. గేటు దగ్గర అద్దెకిస్తారు, ముందొచ్చిన వాళ్లకే. ఇంట్లో ఉంటే తెచ్చుకోవడం ఇంకా మంచిది, పార్కింగ్ నుంచే పనికొస్తుంది. కూర్చోవడానికి మొహమాటపడతారు. "మధ్యాహ్నం బాబు నిద్రపోతే పడుకోబెట్టడానికి" అని చెప్పి తీసుకోండి, పదకొండుకల్లా ఆయనే కూర్చుంటారు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో వాళ్లకు కెరొసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ బాగుంటుంది. ఏసీ హాలు, దాదాపు ఇరవై నిమిషాలు కూర్చుని చూడొచ్చు, సీట్లతో సహా హాలే తిరుగుతుంది. 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం కట్టిన షో అది. పీపుల్ మూవర్ అనే రైడ్ ఎక్కించమని చాలామంది సలహా ఇస్తారు, మోకాళ్ల నొప్పి ఉంటే మాత్రం వద్దు. కదిలే పట్టా మీద నడుస్తూ ఎక్కి దిగాలి. హాంటెడ్ మ్యాన్షన్ కూడా అంతే.

నన్నడిగితే పెద్దవాళ్లకు ఎప్‌కాటే సరైన చోటు. అక్కడ లివింగ్ విత్ ది ల్యాండ్ అని పడవ రైడ్ ఉంది. గ్రీన్‌హౌస్‌ల మధ్యగా వెళ్తుంది, మట్టి లేకుండా పెంచే కూరగాయలు, తలకిందులుగా వేలాడే తోటలు. వాటిలో పండినవి ఆ పార్కు రెస్టారెంట్లలోనే వాడతారు. వ్యవసాయం చేసిన వాళ్లు ఎవరైనా ఉంటే రెండోసారి ఎక్కుతామంటారు చూడండి, పిల్లలకంటే వాళ్లకే ప్రశ్నలు ఎక్కువ.

బాణసంచా అయ్యేదాకా ఉండాలా అన్నది ముందే తేల్చుకోండి. అది అవ్వగానే జనం అంతా ఒకేసారి మోనోరైలు వైపు పడతారు. పెద్దవాళ్లున్న కార్లు అరగంట ముందే బయల్దేరాలి. లేదా అయ్యాక మెయిన్ స్ట్రీట్‌లో నెమ్మదిగా కూర్చుని రద్దీ తగ్గాక కదలాలి. మధ్యలో ఇరుక్కోవడమే వద్దు.

యూత్ వాలంటీర్

అంకుల్, లైట్నింగ్ లేన్ నేను చూసుకుంటా. దీనికి పాత పెయిడ్ సర్వీస్ జీనీ ప్లస్ 2024 జూలైలో పోయింది, ఇప్పుడు మల్టీ పాస్ (కొన్ని రైడ్లకు కలిపి), సింగిల్ పాస్ (ఒక్క రైడ్‌కి). మనం డిస్నీ హోటల్లో లేము కాబట్టి మూడు రోజుల ముందు పొద్దున ఏడుకి బుకింగ్ తెరుచుకుంటుంది. హోటల్ వాళ్లకు ఏడు రోజుల ముందే. మల్టీ పాస్‌లో మూడు రైడ్లు ముందే ఎంచుకోవచ్చు. జట్టుకి ఒకరు మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో అందరి టికెట్లూ లింక్ చేసి ఉంచితేనే ఇది అవుతుంది. ఏడింటికి "పాస్‌వర్డ్ మర్చిపోయా" అని నాకు ఫోన్ చెయ్యొద్దు ప్లీజ్. పవర్ బ్యాంక్ ప్రతి ఇంటికీ ఒకటి, యాప్ చార్జింగ్ తినేస్తుంది. సెల్ఫీ స్టిక్ తేవద్దు, లోపలికి రానివ్వరు.

చిన్న పిల్లల జట్టుకి మల్టీ పాస్ ఎంత ఉపయోగమో ఆలోచించండి. పొద్దున్నే వస్తే డంబో లాంటివి అది లేకుండానే అయిపోతాయి.

ట్రిప్ కోఆర్డినేటర్

బాగా చెప్పావు బాబూ. దీనికే ఇంకొకటి కలుపుతున్నా, కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఒకరు లైన్లో నిలబడి, మిగతా పదిమంది "మా వాళ్లు ముందున్నారు, ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ దూరడం వద్దు. లైన్లోకి వెళ్లే ముందే జట్టంతా కలవాలన్నది అక్కడి రూల్, మిగతావాళ్ల ఓపిక సంగతి సరే సరి. చిన్న జట్లు ఎందుకన్నానో ఇక్కడ కూడా తెలుస్తుంది.

కల్చరల్ కమిటీ

టీ షర్టులు ఆరెంజ్ రంగు ఖాయం. వెనకాల పిల్లల పేర్లు వెయ్యమని అడిగారు, వెయ్యం. తెలియనివాళ్లు పేరు పెట్టి పిలిస్తే చిన్న పిల్లలు వెళ్లిపోతారు. దానికి బదులు ముంజేతి మీద తల్లిదండ్రుల ఫోన్ నంబరు పెన్నుతో రాయండి. తప్పిపోతే పేరు బ్యాడ్జి ఉన్న ఉద్యోగిని పట్టుకోమని నేర్పండి. ఆ బ్యాడ్జి ఎలా ఉంటుందో ఫోటో చూపించండి.

బ్యానర్ సంగతి: పార్కులో వద్దు, అద్దె ఇంటి ముందు పట్టుకుని ఫోటో దిగుదాం.

చిన్నోడి అమ్మ

స్ట్రాలర్ బదులు వ్యాగన్ తేవచ్చా? ఇద్దరూ పడతారు.

ట్రిప్ కోఆర్డినేటర్

వ్యాగన్లు రానివ్వరు చెల్లెమ్మా. స్ట్రాలర్ కూడా 31 అంగుళాల వెడల్పు, 52 పొడవు దాటకూడదు. మీది టేపు పెట్టి కొలిచి చూడండి. పాలు పట్టడానికి, డైపర్ మార్చడానికి ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ ఉంటుంది.

ఇక పనులు. పిల్లల ఎత్తులు, పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ కావాలా, కారులో ఖాళీ సీట్లు, ఈ మూడూ షీట్‌లో ఆదివారం రాత్రిలోపు నింపండి. సోమవారం జట్లు, జట్టుకో లీడర్ పేరు పెడతాను. మొదటి రోజు మ్యాజిక్ కింగ్‌డమ్, రెండో రోజు ఎప్‌కాట్. వాన పడితే బయటి రైడ్లు ఆపేస్తారు, పోంచోలు ఇక్కడే కొని బ్యాగులో పడేసుకోండి.

చిన్నోడి అమ్మ

కొలిచాను. బాబు 34, పాప 56. స్ట్రాలర్ సరిపోతుంది. ఇంకో మూడు సీట్లు ఖాళీ ఉన్నాయి మా వ్యాన్లో, ఎవరైనా పెద్దవాళ్లు మాతో రావచ్చు.

మరో సభ్యుడు

మా అమ్మానాన్న వస్తారండీ. వీల్‌చెయిర్ డిక్కీలో పడుతుందా?

చిన్నోడి అమ్మ

మడిచేదైతే పడుతుంది. శనివారం తీసుకొచ్చి పెట్టి చూడండి.